తువ్వాలు మధ్యాహ్నానికి ఆరాలి



ముసురు పట్టిందంటే మన ఇళ్ళల్లో ఒక వాసన మొదలవుతుంది. పొద్దున్నే స్నానం చేసి తువ్వాలు అందుకుంటాం. ముఖం తుడుచుకోబోతే ముక్కిన వాసన. అది నిన్ననే ఉతికిన తువ్వాలు. సబ్బు పెట్టి, జాడించి, పిండి, ఆరేసిన తువ్వాలు. అయినా వాసన పోలేదు. చేసిన స్నానం కూడా సగమే చేసినట్టు ఉంటుంది.

చుట్టాలు వచ్చినప్పుడు ఇంకా ఇబ్బంది. "అన్నయ్యగారూ, కాళ్ళు కడుక్కోండి" అని చెంబుతో నీళ్ళిస్తాం. తువ్వాలు చేతికిచ్చే ముందు గుమ్మం వెనక్కి వెళ్ళి ఒకసారి వాసన చూసుకుంటాం. మన తప్పేమీ లేకపోయినా మొహమాటపడతాం. ఇల్లు శుభ్రంగా ఉంచుకోలేదని అనుకుంటారేమోనని బాధ.

ఆ బాధ అక్కర్లేదండి. ఈ వాసన బద్ధకస్తుల ఇళ్ళల్లోనే వస్తుందనేమీ లేదు. రోజూ రెండు పూటలా బట్టలు ఉతికే ఇంట్లో కూడా వస్తుంది. ఎందుకు వస్తుందో తెలిస్తే పోగొట్టడం తేలికే. ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందుగా ఒక్క మాట చెప్పేస్తాను. నేను చెప్పేవాటిలో మిగతావన్నీ మర్చిపోయినా ఈ మాట గుర్తుంచుకోండి. తువ్వాలు ఎంత తడిసిందన్నది లెక్క కాదు. ఎంతసేపు తడిగా ఉందన్నదే లెక్క. మళ్ళీ చెప్తాను. ఎంతసేపు తడిగా ఉంది? అదే అసలు ప్రశ్న.

ఇప్పుడు మీ ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. దండెం మీద బాగా ఎండిన పాత తువ్వాలు ఒకటి తీసుకోండి. వాసన చూడండి. ఏ వాసనా ఉండకపోవచ్చు. ఇప్పుడు దాని ఒక మూల మంచినీళ్ళతో తడిపి, గట్టిగా పిండి, కాసేపాగి మళ్ళీ చూడండి. ముక్కిన వాసన వచ్చిందా? వస్తే, అది ఆ నీళ్ళలోంచి వచ్చింది కాదు. ఎప్పటినుంచో ఆ తువ్వాలులోనే ఉంది. ఎండినప్పుడు అణిగి ఉంది. తడి తగలగానే లేచింది. చాలామంది "ఎండలో వేస్తే పోయిందండీ, మళ్ళీ స్నానం చేసి తుడుచుకోగానే వచ్చింది" అని ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యం ఏమీ లేదు. ఎండలో వాసన అణిగింది. దాన్ని పుట్టించేవి మాత్రం పోలేదు.

పుట్టించేవి ఏమిటి? కంటికి కనపడని బాక్టీరియా. జపాన్‌లో పరిశోధకులు ఇళ్ళల్లోంచి వాసన వేసే బట్టలు తెప్పించి పరీక్షించారు. వాళ్ళ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. తడిగుడ్డ ముక్కిన వాసనకి ముఖ్య కారణం మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బాక్టీరియా అని తేల్చారు. అది మన ఒంటి జిడ్డునీ మురికినీ తిని ఒక రకమైన కొవ్వు ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం ఏ కాస్త ఉన్నా మన ముక్కుకి తెలిసిపోతుంది. ఆ పరిశోధనలో ఇంకో సంగతి కూడా బయటపడింది. ఈ బాక్టీరియా మామూలు ఎండబెట్టడానికి లొంగదు. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలని కూడా చాలావరకు ఓర్చుకుంటుంది. మన పరీక్షలో తువ్వాలు తడపగానే వాసన ఎందుకు లేచిందో ఇప్పుడు అర్థమైంది కదా.

దోసెల పిండి రుబ్బి రాత్రి బయట పెడతాం. తెల్లారేసరికి పులుస్తుంది. పిండి ఉంది, తడి ఉంది, వెచ్చదనం ఉంది, ఎనిమిది గంటల సమయం ఉంది. అందుకని పులిసింది. స్నానాల గదిలో తలుపు వెనక మేకుకి తగిలించిన తడి తువ్వాలులో జరిగేది కూడా అదే. దోసెలకి మనం కావాలని సమయం ఇస్తాం. తువ్వాలుకి తెలియకుండా ఇచ్చేస్తున్నాం.

తువ్వాలులో బాక్టీరియాకి తిండి ఎక్కడిది అని మీకు సందేహం రావచ్చు. తుడుచుకునేది స్నానం చేసిన ఒళ్ళే కదా! కానీ తుడుచుకుంటున్నప్పుడు చర్మం మీది పొట్టు, జిడ్డు కొంత గుడ్డకి అంటుకుంటూనే ఉంటాయి. మన ఇళ్ళల్లో తలకి కొబ్బరినూనె ఉంటుంది. పండగనాడు ఒళ్ళంతా నువ్వులనూనె పట్టించి నలుగు పెట్టుకుంటాం. ఎంత రుద్దుకున్నా కొంత జిడ్డు మిగులుతుంది. అది తువ్వాలుకి చేరుతుంది. చల్లటి నీళ్ళల్లో ఉతికితే నూనె పూర్తిగా వదలదు. జిడ్డు గిన్నె తోమేటప్పుడు వేడినీళ్ళు ఎందుకు పోస్తామో ఆలోచించండి.

దీనికి తోడు బోరు నీళ్ళు. బోరు నీళ్ళు వాడే ఇల్లాలికి ఈ సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. బకెట్టు అంచున తెల్లటి తెట్టు కడుతుంది. నీళ్ళలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీళ్ళలో కరగని పదార్థంగా మారతాయి. ఆ పదార్థమే ఈ తెట్టు. బకెట్టుకి పట్టిన తెట్టు మనకి కనపడుతుంది. తువ్వాలు పోగుల మధ్య పట్టింది కనపడదు. ఆ తెట్టు జిడ్డుని పట్టి ఉంచుతుంది. తువ్వాలు అట్టలా బిరుసెక్కుతుంది. నీళ్ళు పీల్చదు. ఆరడానికీ సమయం పడుతుంది.

చూశారా, మళ్ళీ అక్కడికే వచ్చాం. సమయం.

మరి ఈ వాసనకి మనం సాధారణంగా ఏం చేస్తాం? సువాసన కలుపుతాం. సబ్బు పొడి ఇంకో గుప్పెడు ఎక్కువ వేస్తాం. చివర్లో మెత్తదనం కోసం, వాసన కోసం అమ్మే ద్రవం పోస్తాం. బీరువాలో కలరా ఉండలు పడేస్తాం. వీటిలో ఏ ఒక్కటీ లోపలి జిడ్డుని తియ్యదు. మెత్తదనం కోసం పోసే ద్రవం పోగుల మీద సన్నటి పూతలా నిలుస్తుంది. దాంతో తువ్వాలు చేతికి మెత్తగా తగులుతుంది కానీ నీళ్ళు పీల్చడం తగ్గుతుంది. చీరలకి, చొక్కాలకి వాడుకుంటే వాడుకోండి. తువ్వాళ్ళకి మాత్రం వద్దు. సబ్బు పొడి ఎక్కువ వేసినా అంతే. నురగ ఎక్కువైతే జాడింపు చాలదు. జాడింపు చాలకపోతే సబ్బు గుడ్డలోనే మిగులుతుంది. నురగ ఎంత వస్తే అంత శుభ్రం అనే నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. దాన్ని వదులుకోవాలి.

సరే, ఇప్పటికే వాసన పట్టిన తువ్వాలు సంగతి చూద్దాం. దానికి కావలసినవి రెండే. వేడినీళ్ళు, బట్టల సోడా.

బట్టల సోడా అంటే వాషింగ్ సోడా. కొన్ని ఊళ్ళల్లో చాకలి సోడా అంటారు. కిరాణా కొట్లో పొట్లంలో దొరుకుతుంది, ఖరీదు తక్కువ. బజ్జీల్లో వేసే వంటసోడా వేరు, ఇది వేరు. వంటసోడా ఈ పనికి చాలదు. బట్టల సోడా ఘాటైన క్షారం. జిడ్డుని విరగ్గొడుతుంది. బోరు నీళ్ళలోని కాల్షియాన్ని పట్టేసి సబ్బుకి అడ్డం లేకుండా చేస్తుంది. వేడినీళ్ళలో దాని పని ఇంకా బాగుంటుంది.

వాన తెరిపిచ్చి ఎండ కాసిన రోజు ఎంచుకోండి. పొద్దున్నే మొదలుపెట్టండి. బకెట్టులో సగానికి వేడినీళ్ళు పొయ్యండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉండాలి. లెక్కలో చెప్పాలంటే 60 డిగ్రీలు. సలసల కాగే నీళ్ళని పల్చటి ప్లాస్టిక్ బకెట్టులో మాత్రం పొయ్యకండి. అందులో నాలుగు పెద్ద చెంచాల బట్టల సోడా వేసి కర్రతో కలపండి. చేత్తో కలపొద్దు, చర్మం మంటపుడుతుంది. రెండో మూడో తువ్వాళ్ళు అందులో ముంచి గంటసేపు వదిలెయ్యండి. మధ్యలో ఒకటి రెండుసార్లు కర్రతో తిప్పండి.

గంట తర్వాత ఆ నీళ్ళు చూడండి. ఉతికిన తువ్వాలే కదా అనుకున్నాం. నీళ్ళు మాత్రం బూడిద రంగుకో, పసుపురంగుకో తిరిగి ఉంటాయి. ఎన్నో ఉతుకులకి వదలని మురికి అది. ఆ నీళ్ళు పారబోసి, మామూలుగా ఎంత వేస్తారో అందులో సగం సబ్బు పొడితో ఒకసారి ఉతకండి. తర్వాత రెండు మూడుసార్లు బాగా జాడించండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలి. గట్టిగా పిండి, దులిపి, విడదీసి ఎండలో ఆరెయ్యండి. సాయంత్రం లోపల బాగా ఆరిపోవాలి. సగం ఆరిన తువ్వాలు ఇంట్లోకి తెచ్చి మడతపెడితే చేసిన శ్రమంతా పోతుంది.

తెల్ల తువ్వాళ్ళు, గట్టి నూలు తువ్వాళ్ళు అయితే పొయ్యి మీద పెట్టి పది నిమిషాలు ఉడికించవచ్చు కూడా. స్టీలు గుండిగలో పెట్టండి. సత్తు గిన్నెలో, అంటే అల్యూమినియం గిన్నెలో వద్దు. సోడా దాన్ని తినేస్తుంది.

ఈ పద్ధతి మనకి కొత్తదేమీ కాదు. మన ఊళ్ళ రజకులు తరతరాలుగా చేసింది ఇదే. చౌడు నేలల్లో తెల్లగా పూత తేలిన మట్టి తెచ్చేవాళ్ళు. అందులో ఉండేది సోడియం కార్బొనేటు. మనం ఇవాళ పొట్లంలో కొనే బట్టల సోడా కూడా అదే. మురికి బట్టలకి ఆ చౌడు పట్టించి, బానలో పేర్చి, కింద మంట పెట్టి ఆవిరి మీద ఉడికించేవాళ్ళు. మర్నాడు రేవులో బండకేసి ఉతికేవాళ్ళు. పారే నీళ్ళలో జాడించేవాళ్ళు. ఇసుక తిన్నెల మీద ఎండలో పరిచేవాళ్ళు. క్షారం, వేడి, పారే నీరు, ఎండ, గాలి. ఏ ఒక్కటీ వదల్లేదు. ఊరందరి బట్టలూ ఒకే బానలో ఉడికినా ఎవరి గుడ్డకీ వాసన ఉండేది కాదు. ఆ పనిలో ఎంత శ్రమ ఉందో అంత శాస్త్రం ఉంది. ఆ శాస్త్రానికి దక్కాల్సిన గౌరవం మన సమాజం ఇవ్వలేదు. మెషీన్ వచ్చాక మనం శ్రమతో పాటు వేడినీ క్షారాన్నీ కూడా వదిలేశాం. శ్రమ తగ్గడం మంచిదే. ఆ మిగిలిన రెండింటినీ మాత్రం నెలకోసారైనా వెనక్కి తెచ్చుకోవాలి.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. దయచేసి శ్రద్ధగా వినండి. పట్టుబట్టలకి, ఉన్ని బట్టలకి వేడినీళ్ళు, సోడా రెండూ పనికిరావు. ఆ పోగులు పాడైపోతాయి. రంగు దిగే గుడ్డలయితే ముందు ఒక మూల తడిపి తెల్లగుడ్డతో అద్ది చూడండి.

ఇంకొకటి, ఇది ప్రాణానికి సంబంధించింది. బ్లీచింగ్ పౌడర్ వాడేవాళ్ళు దాంట్లో వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ గానీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది. స్నానాల గదిలాంటి ఇరుకు చోట ఊపిరి ఆడదు. మళ్ళీ చెప్తున్నాను. బ్లీచింగ్ పౌడర్‌తో పులుపూ వద్దు, యాసిడూ వద్దు.

కొందరు వెనిగర్, సోడా రెండూ కలిపి పోస్తారు. బుసబుసా పొంగుతుంది. అది ప్రమాదం కాదు కానీ ప్రయోజనమూ లేదు. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం. ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మురికి అలాగే ఉంటుంది. వెనిగర్ పొయ్యాలనుకుంటే సోడాతో ఉతికి, జాడించిన తర్వాత, ఆఖరి నీళ్ళలో ఒక అరకప్పు పొయ్యండి. మిగిలిన తెట్టుని కొంత కరిగిస్తుంది.

ఇలా పాత వాసన పోయింది. అది తిరిగి రాకుండా చూసుకోవడమే అసలు పని. మొదట చెప్పిన మాట దగ్గరికే వస్తున్నాను. ఎంతసేపు తడిగా ఉంది?

నేనొక గడువు పెట్టుకోమంటాను. పొద్దున స్నానానికి వాడిన తువ్వాలు మధ్యాహ్నం భోజనం వేళకి ఆరిపోవాలి. అన్నానికి కూర్చోబోయే ముందు దండెం దగ్గరికి వెళ్ళి తువ్వాలుని పట్టుకుని చూడండి. అంచులు కాదు, మధ్యభాగం పట్టుకుని చూడండి. పొడిగా ఉంటే మీ ఇంట్లో వాసన సమస్య రాదు. ఇంకా చెమ్మగా ఉంటే అది వేలాడే చోటు మార్చాలి.

చాలా ఇళ్ళల్లో తువ్వాలు వేలాడేది ఎక్కడ? స్నానాల గది తలుపు వెనక, మేకు మీద. ఒకే మేకుకి ఇద్దరివి, ముగ్గురివి. మేకుకి తగిలిస్తే గుడ్డంతా ముడతలుగా ముద్దవుతుంది. ఆ ముద్ద మధ్యకి గాలి ఆడదు. పైగా ఇంట్లో అన్నిటికంటే చెమ్మగా ఉండే గది అదే. ఒకరి తర్వాత ఒకరు వేడినీళ్ళ స్నానం చేస్తుంటే ఆ ఆవిరంతా తువ్వాలుకే. అందుకని వాడిన తువ్వాలుని ఆ గదిలోంచి బయటికి తెచ్చెయ్యండి. మేకు బదులు దండెం మీద వెయ్యండి. దండెం మీద కూడా మడత మీద మడత వెయ్యొద్దు. పూర్తిగా విప్పి, ఒకే పొరగా వేసి, రెండు వైపులా క్లిప్పులు పెట్టండి. తువ్వాలుకీ తువ్వాలుకీ మధ్య అరచేయి పట్టేంత సందు ఉండాలి.

ఎండ లేదే అంటారా? ఎండ కంటే గాలి ముఖ్యం. జులైలో హైదరాబాద్ చూడండి. రోజుల తరబడి మబ్బే. కానీ గాలి బాగా వీస్తుంది. మేడ మీద వాన తడవని చోట వేస్తే బట్టలు ఆరిపోతాయి. అదే మేలో విశాఖపట్నంలో, కాకినాడలో ఎండ చిటపటలాడుతున్నా ఒంటి మీద చొక్కాయే ఆరదు. గాలిలోనే అంత నీరు ఉంటుంది. నెల్లూరు వాళ్ళకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అసలు వానలు. మిగతా జిల్లాల వాళ్ళు గొడుగులు దాచేసే వేళకి వాళ్ళ దండేలు ఇంట్లోకి వస్తాయి. అనంతపురంలో తువ్వాలు గంటలో ఆరుతుంది. అక్కడి బాధ వాసన కాదు, ఉప్పునీళ్ళ బిరుసు. మన రెండు రాష్ట్రాల్లోనే ఇంత తేడా ఉంది. మీ ఊరి గాలిని బట్టి మీ దండెం ఉండాలి.

ఇంట్లోనే ఆరెయ్యక తప్పని రోజుల్లో ఫ్యాను కింద వెయ్యండి. అయితే తలుపులూ కిటికీలూ అన్నీ బిగించి ఫ్యాను వేస్తే ఆ తడిగాలే గదిలో తిరుగుతూ ఉంటుంది. ఒకవైపు కిటికీ, ఇంకోవైపు తలుపు కాస్త తెరవండి. తడిగాలి బయటికి పోవాలి. ఏసీ ఉన్నవాళ్ళు దానిలో గాలి పొడిబార్చే అమరిక ఉంటే వాడుకోండి. రిమోటు మీద నీటిబొట్టు గుర్తు ఉంటుంది. బట్టలు సగం ఆరాక ఒకసారి తిరగెయ్యండి. చొక్కాల చంకలు, ప్యాంట్ల జేబులు, నడుం పట్టీలు ఆఖరున ఆరుతాయి. లోపలివైపు బయటికి తిప్పి వెయ్యండి.

వానాకాలంలో ఆదివారం దాకా బట్టలు పోగుచెయ్యొద్దు. వారానికి ఒక పెద్ద మూట ఉతికితే దండెం మీద చోటు చాలదు. ఒకదాని మీద ఒకటి వేస్తాం. ఏదీ ఆరదు. రోజుకి నాలుగు గుడ్డలైతే నాలుగూ ఆరతాయి. మాసిన బట్టల బుట్టలో తడి తువ్వాలు వెయ్యకండి. అదొక్కటి చాలు, కింద ఉన్న పొడి బట్టలన్నిటికీ వాసన పట్టడానికి. ఉతకబోయే తువ్వాలునైనా ముందు ఆరబెట్టి, ఆ తర్వాతే బుట్టలో వెయ్యండి. ఇది కొత్తగా అనిపించవచ్చు. ఎలాగూ ఉతికేదే కదా, ఆరబెట్టడం ఎందుకు అంటారు. బుట్టలో మూడు రోజులు తడిగా మగ్గితే ఆ తర్వాత ఏ ఉతుకూ చాలదు. అందుకు.

ఉద్యోగాలకి వెళ్ళే ఇళ్ళల్లో ఇంకో తంతు జరుగుతుంది. రాత్రి పదింటికి మెషీన్ వేసి పడుకుంటారు. పదకొండున్నరకి అది పని ముగించి పిలుస్తుంది. లేచే ఓపిక ఎవరికీ ఉండదు. పొద్దున ఆరింటికి తలుపు తీస్తే ఉతికిన బట్టలకి అప్పుడే ముక్కిన వాసన. ఆరు గంటలకి పైగా తడిగా, వెచ్చగా, గాలాడని డబ్బాలో ఉన్నాయి మరి. చాలా మెషీన్లలో ఆలస్యంగా మొదలుపెట్టే బటన్ ఉంటుంది. రాత్రి బట్టలు పొడిగానే వేసి, తెల్లవారుజామున ఉతుకు పూర్తయ్యేలా సమయం పెట్టుకోండి. లేచేసరికి సిద్ధంగా ఉంటాయి, వెంటనే ఆరెయ్యవచ్చు. ఇంకో చిన్న ఉపాయం. ఉతుకు అయ్యాక, నీళ్ళు పిండే తిప్పుడు ఇంకోసారి వెయ్యండి. పది నిమిషాల పని. ఆరేటప్పుడు గంటలు కలిసొస్తాయి.

మెషీన్ గురించి కూడా ఒక్కమాట. కొన్నిసార్లు వాసన బట్టల్లోంచి మెషీన్‌కి కాదు, మెషీన్‌లోంచి బట్టలకి వస్తుంది. ముందువైపు తలుపు ఉండే రకంలో తలుపు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది. దాని మడత వేలితో విప్పి చూడండి. నల్లటి జిగురు, వెంట్రుకలు, ఒక్కోసారి పిల్లల జేబులోంచి జారిన రూపాయి బిళ్ళ. ఉతికిన ప్రతిసారీ ఆ మడతని పొడిగుడ్డతో తుడవండి. సబ్బు పొడి వేసే అర బయటికి లాగి కడగండి. ఉతుకు అయ్యాక తలుపు వెంటనే మూసెయ్యకండి. ఇంట్లో పసిపిల్లలు లేకపోతే తెరిచే ఉంచండి. పిల్లలుంటే మీరు కనిపెట్టి ఉన్నంతసేపే తెరవండి. నెలకోసారి బట్టలు లేకుండా, అన్నిటికంటే ఎక్కువ వేడి పెట్టి ఖాళీగా తిప్పండి.

కొనేటప్పుడు కూడా ఆలోచించాల్సిన సంగతి ఉంది. తువ్వాలు ఎంత దట్టంగా ఉంటే అంత గొప్ప అనుకుంటాం. పెద్ద హోటళ్ళలో అలాంటివి చూసి మనమూ తెచ్చుకుంటాం. ఆ హోటళ్ళకి వేడిగాలితో ఆరబెట్టే యంత్రాలున్నాయి. మనకి ఉన్నది దండెం. టర్కీ తువ్వాలుకి రెండు వైపులా నూలు ఉచ్చులు లేచి ఉంటాయి. ఆ ఉచ్చుల వల్లే అన్ని నీళ్ళు పీలుస్తుంది. వాటి వల్లే ఆలస్యంగా ఆరుతుంది. అట్ట మీద జీఎస్ఎం అని ఒక అంకె రాసి ఉంటుంది. చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువు అన్నది ఆ లెక్క. 600, 700 ఉన్నవి మన వానాకాలానికి వద్దు. 400 లోపల ఉన్నవి తీసుకోండి. సోలాపూర్ తువ్వాళ్ళకి దేశమంతా పేరుంది. అక్కడి మగ్గాల మీద పనిచేసేవాళ్ళలో మన తెలుగు పద్మశాలీలు ఎంతోమంది. వాళ్ళు నేసే తేలికరకం తువ్వాళ్ళు మన గాలికి సరిగ్గా సరిపోతాయి.

అంతకంటే మంచిది మన తుండుగుడ్డ. పల్చటి చేనేత నూలు తుండు. తాతయ్యలు భుజాన వేసుకునేది అదే, స్నానం చేసి తుడుచుకునేది అదే. పిండి దులిపితే సగం ఆరినట్టే. ముసురులో కూడా ఫ్యాను కింద రెండు మూడు గంటల్లో ఆరుతుంది. వానాకాలం నాలుగు నెలలూ టర్కీ తువ్వాళ్ళు బీరువాలో పెట్టేసి మనిషికి రెండు తుండుగుడ్డలు ఇస్తే, ఈ ప్రసంగంలో నేను చెప్పినవి చాలావరకు మీకు అవసరమే ఉండదు. అవునండి, ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

వ్యాయామానికి వేసుకునే బిగుతు చొక్కాల వాసన వేరే రకం. అవి పాలిస్టర్. బెల్జియంలో ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్ళు వ్యాయామం చేసినవాళ్ళ చొక్కాలు పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. నూలు చొక్కాల కంటే పాలిస్టర్ చొక్కాలకే చెడు వాసన ఎక్కువ ఉందని తేలింది. పాలిస్టర్ నీళ్ళని పీల్చదు కానీ జిడ్డుని పట్టుకుంటుంది. అలాంటివి విప్పగానే సంచిలో కుక్కకుండా వెంటనే నీళ్ళలో ముంచండి.

వంటింటి గట్టు తుడిచే గుడ్డని మర్చిపోవద్దు. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువసేపు తడిగా ఉండేది అదే. పాలు పొంగినా, పులుసు చిందినా దాంతోనే తుడుస్తాం. మళ్ళీ అదే గుడ్డతో కంచాలు తుడిచేవాళ్ళూ ఉన్నారు. అలా చెయ్యకండి. రెండు గుడ్డలు వేరువేరుగా పెట్టుకోండి. రాత్రి వంటిల్లు సర్దాక వాటిని సబ్బుతో ఉతికి, విప్పి ఆరెయ్యండి. వారానికి రెండుసార్లు పది నిమిషాలు నీళ్ళలో మరిగించండి.

వాసన ఒక్కటే అయితే అది ఇబ్బంది మాత్రమే. కానీ తడి తువ్వాలు పదిమంది పంచుకుంటే జబ్బులు కూడా పంచుకుంటారు. తామర, కళ్ళకలక అలా పాకుతాయి. ఇంట్లో ఒకరికి తామర వచ్చిందంటే వాళ్ళ తువ్వాలు వెంటనే వేరు చెయ్యండి. వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చెయ్యండి. డాక్టరు ఇచ్చిన మందు ఎంత రాసినా తువ్వాలు మార్చకపోతే అది ఇంట్లో ఒకరి నుంచి ఇంకొకరికి తిరుగుతూనే ఉంటుంది.

ఇస్త్రీ అంటే గుర్తొచ్చింది. ఇస్త్రీ చేసిన వెంటనే, వేడి వేడిగా మడతపెట్టి బీరువాలో పెడతారు కొందరు. ఆ వేడిలో ఆవిరి ఉంటుంది. మడతల్లో చెమ్మగా మిగిలిపోతుంది. అరగంట మంచం మీద పరిచి, చల్లారాక పెట్టండి. బీరువా గోడకి ఆనించి ఉంటే జానెడు ముందుకు జరపండి. వాన పడని రోజున ఒక గంటసేపు తలుపులు బార్లా తీసి ఉంచండి. బట్టల మీద నల్లటి చుక్కలు కనిపిస్తే అది బూజు. ఆ గుడ్డని మిగతావాటి నుంచి వేరు చేసి ఇంటి బయట దులపండి, తర్వాత వేడినీళ్ళ సోడాలో నానెయ్యండి.

హాస్టళ్ళలో ఉండే పిల్లలు వింటుంటే వాళ్ళకొక మాట. మీకు మేడ ఉండదు, దండెం ఉండదు, నలుగురికి ఒకే గది. తువ్వాలు మంచం కోడు మీద కుప్పగా వేసి తరగతికి పరుగెత్తుతారు. కిటికీ ఊచల నుంచి మంచం కోడుకి ఒక గట్టి తాడు కట్టుకోండి. పల్చటి తుండుగుడ్డలు రెండు తెచ్చుకోండి. ఒకటి వాడిన రోజు రెండోది ఆరుతుంది. క్లిప్పులు నాలుగు కొనుక్కోండి. సెలవులకి ఇంటికి వచ్చేటప్పుడు తడి గుడ్డని ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచి అడుగున పెట్టకండి. బస్సులో పన్నెండు గంటలు ప్రయాణం చేశాక ఆ కవరు విప్పేది మీ అమ్మే.